పగలంతా మంచం కింద, రాత్రంతా నా కాళ్ల మీద: ఈ పిల్లికూనని మచ్చిక చేసుకునేదెలా?

చుక్కవాళ్ళమ్మ
తొమ్మిది వారాల పిల్లికూన మా ఇంటికి వచ్చి ఇవాల్టికి 10 రోజులు. గడ్డం కింద తెల్లటి మచ్చ ఉంటుంది, అందుకే చుక్క అని పిలుస్తున్నాం. పగలంతా మంచం కింద సూట్‌కేసు వెనక దూరి కూర్చుంటుంది. పిలిస్తే రాదు, చెయ్యి పెడితే ఇంకా లోపలికి జరుగుతుంది. రాత్రి లైటు ఆర్పగానే మాత్రం బయటికొచ్చి ఇల్లంతా పరుగులు, దుప్పటిలో నా కాలివేలు కదిలితే చాలు, ఎగిరి పట్టుకుని కొరుకుతుంది. తెల్లవారుజామున 4 గంటలకి అరుపులు మొదలు. పైగా మొన్నటి నుంచి బాత్రూం ముందు కాళ్లు తుడుచుకునే పట్ట మీద రెండుసార్లు ఉచ్చ పోసింది. మా ఆయన "ఒక్కటి వేస్తే దారికొస్తుంది" అంటున్నారు, నాకు మనసు ఒప్పట్లేదు. రోజూ ఎత్తుకుంటే అలవాటవుతుందిలే అని రెండు రోజులు బయటికి లాగి ఒళ్లో పెట్టుకుని నిమిరాను, మోచేతుల దాకా గీరేసింది. నిద్ర లేక తల పగిలిపోతోంది. నేను చేస్తున్న తప్పేంటో చెప్పండి.

మూడుతోకలు
ముందు ఆ లాగడం ఆపండి. మీకది ముద్దు చెయ్యడం, దానికి మాత్రం దాక్కున్న చోటికి కూడా వచ్చి పట్టుకుపోయే పెద్ద చెయ్యి. అలా చేసిన ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

మా ఇంట్లో మూడున్నాయి, రెండోది అచ్చం మీ చుక్కలాగే వచ్చింది. నేను చేసిందల్లా ఒక్కటే. రోజూ పొద్దున, సాయంత్రం ఒకే టైముకి ఆ గదిలో నేల మీద పక్కకి తిరిగి కూర్చుని, దాని వంక చూడకుండా చేతిలో ఏదుంటే అది మెల్లగా పైకి చదివేదాన్ని, పావుగంట. పిలవడం, చెయ్యి చాపడం ఏమీ లేవు. తిండి గిన్నె మొదట అది దాక్కున్న చోటికి దగ్గర్లోనే పెట్టి, తింటున్నంత కాలం ప్రతి పూటా జానెడు జానెడు నా వైపు జరిపాను. ఒక పూట తినకపోతే జానెడు వెనక్కి. 19వ రోజున నా మోకాలికి ఆనుకుని తింది. ఆ రోజు కూడా నేను ముట్టుకోలేదు, అది తలతో నా చేతిని నెట్టాకే నిమిరాను.

పాతమీసాలు
పై మాటకి నా ఓటు. సూట్‌కేసు తీసెయ్యకండి, దాక్కునే చోటు లేకపోతే భయం ఇంకా పెరుగుతుంది. దాని పక్కనే అట్టపెట్టె ఒకటి బోర్లించి, ఎదురెదురుగా రెండు కన్నాలు చెయ్యండి. తప్పించుకునే దారి ఉందని తెలిస్తేనే పిల్లి ధైర్యంగా కూర్చుంటుంది. మూడో రోజుకి పెట్టెని మంచం అంచుకి, ఆ తర్వాత బయటికి.

గట్టిమాట
మరీ ఇంత గారాబం అక్కర్లేదని నా అభిప్రాయం. మా దగ్గర కొరికినప్పుడల్లా ముక్కు మీద చిన్న చిటికె వేసేవాళ్లం, నెలలో మానేసింది. దెబ్బ కాదు, ఉత్త చిటికె.

నిద్రకరువు
పళ్లు వస్తున్నాయేమో, మా అక్క కొడుకు కూడా ఆ వయసులో చేతికి దొరికిందల్లా నమిలేవాడు.

వెట్‌చదువు
పశువైద్యం ఆఖరి ఏడాది చదువుతున్నాను, రెండింటికీ కలిపి చెప్తాను.

పళ్ల సంగతి: తొమ్మిది వారాలకి పాలపళ్లు 26 వచ్చేసి ఉంటాయి. అవి ఊడి పెద్ద పళ్లు రావడం మూడున్నర, నాలుగు నెలలకి మొదలై ఆరేడు నెలలకి 30 పళ్లతో పూర్తవుతుంది. అప్పుడు దవడ దురదకి నములుతుంది, నిజమే. ఇప్పుడు చుక్క చేసేది వేట. దుప్పటి కింద కదిలే కాలివేలు దాని కళ్లకి ఎలుకే.

@గట్టిమాట, చిటికె వేసినప్పుడు "కొరికాను కాబట్టి పడింది" అని పిల్లి ముడిపెట్టుకోదు, "ఈ చెయ్యి వస్తే నొప్పి" అని ముడిపెట్టుకుంటుంది. కొన్ని కొరకడం మానేస్తాయి, కొన్ని ఇంకా గట్టిగా కొరుకుతాయి, చాలా వాటికి మాత్రం మొహం దగ్గరికి చెయ్యి వస్తే భయం మిగిలిపోతుంది. మీ పిల్లి తల మీదికి చెయ్యి చాపి చూడండి, చెవులు వెనక్కి వాలుస్తుందా, కళ్లు గట్టిగా మూస్తుందా? పోట్లాటకి అనట్లేదు, నిజంగానే అడుగుతున్నాను.

నీళ్లు చిమ్మడం కూడా ఇంతే. ఎవరూ చెప్పకముందే అంటున్నాను, అది వద్దు.

కిటికీగూడు
నీళ్ల సీసా గురించి రాద్దామని వచ్చాను, రాయట్లేదు 🙂

చుక్కవాళ్ళమ్మ
@మూడుతోకలు మీరు చెప్పాక నాకే బాధేసింది. లాగిన రెండో రోజు దాని గుండె నా అరచేతికి తగులుతూ ఎంత వేగంగా కొట్టుకుందో గుర్తొచ్చింది. ఇవాళ నుంచి నేల మీదే కూర్చుంటా. మరి కాళ్లు కొరకడం ఎలా ఆపాలి? పడుకున్నప్పుడు కాళ్లు కదపకుండా ఉండటం నా వల్ల కాదు.

మూడుతోకలు
పగలు వేట దొరకనందుకే రాత్రి మీ కాళ్ల మీద పడుతోంది. పొడుగు కర్రకి తాడు కట్టి చివర ఈకలో గుడ్డపీలికో ఉండే బొమ్మ తెచ్చుకోండి. మొదట్లో మంచం అంచున నేల మీద మెల్లగా పాకించండి, దాని మొహం మీదికి ఎప్పుడూ తీసుకెళ్లొద్దు, ఏ ఎలుకా పిల్లి నోట్లోకి నడిచి రాదు కదా. దూరంగా పారిపోవాలి, పెట్టె వెనక దాక్కోవాలి, తోక ఒక్కటే కనపడాలి. చుక్క నడుము కిందికి దించి వెనక కాళ్లు అటూ ఇటూ ఊపుతుంది చూడండి, అప్పుడు ఆగి, దూకనివ్వండి. ప్రతి మూడు నాలుగు దూకుళ్లకి ఒకసారి దొరకనివ్వాలి, అస్తమానం తప్పిస్తే విసుగొచ్చి మళ్లీ మీ కాళ్ల దగ్గరికే వస్తుంది.

పది, పదిహేను నిమిషాలు చాలు, రోజుకి మూడు సార్లు. ఆఖరిది మీరు పడుకోబోయే ముందు. ఆట చివర్లో వేగం తగ్గిస్తూ, బొమ్మ "చచ్చిపోయినట్టు" ఆపి, వెంటనే గిన్నెలో తిండి. వేటాడటం, తినడం, ఒళ్లు నాక్కోవడం, పడుకోవడం, పిల్లి ఒంట్లో ఉన్న వరస ఇదే. మనం దాన్ని మన పడక టైముకి కలపడమే.

వెట్‌చదువు
ఒక్క జాగ్రత్త. ఆట అవ్వగానే ఆ కర్ర, తాడు అల్మరాలో పెట్టి తలుపు మూసెయ్యండి. తాడు మింగితే పేగులు కుట్టు లాగినట్టు ముడుచుకుపోతాయి, ఆపరేషన్ దాకా వెళ్తుంది. కుట్టుదారం, ఉన్ని, బహుమతుల మీద కట్టే రిబ్బను, అన్నీ ఇంతే. నోట్లోంచో వెనకనుంచో దారం వేలాడుతుంటే ఎట్టి పరిస్థితుల్లోనూ లాగొద్దు, అలాగే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

అమ్మమ్మఇంటిపిల్లి
చేతిని పట్టుకున్నప్పుడు వెనక్కి లాక్కోవద్దు. పారిపోయేదాన్నే అది గట్టిగా పడుతుంది. చెయ్యి కదపకుండా బొమ్మలాగా వదిలేస్తే పట్టు సడలుతుంది, అప్పుడు మెల్లగా తీసుకుని లేచి వెళ్లిపోండి, అరవకుండా. అర నిమిషం తర్వాత వచ్చి దూరం నుంచే ఆడే బొమ్మ ఇవ్వండి. ఇంట్లో అందరూ ఇదే చెయ్యాలి. మా నాన్న వేళ్లతో ఆడించి, నేను మానిపించి, మళ్లీ ఆయన ఆడించి, అలా ఆర్నెల్లు పట్టింది మాకు.

నిద్రకరువు
4 గంటల అరుపు గురించి ఎవరూ చెప్పలేదు. నా అనుభవం చెప్తా. నేను లేచి తిండి పెట్టేవాణ్ణి, నోరు మూసుకునేది. వారానికి మూడున్నరకే మొదలైంది. ఇంకో వారానికి మూడు. ఇక లాభం లేదని పట్టించుకోవడం మానేశా. పది రోజులు నరకం, తర్వాత ఆగిపోయింది. కాబట్టి లేవకండి, కళ్లు కూడా తెరవకండి.

పాతమీసాలు
ఇది నేను ఒప్పుకోను. మీ పిల్లి వయసెంత అప్పటికి?

నిద్రకరువు
ఏడాదిన్నర.

పాతమీసాలు
అదే తేడా. తొమ్మిది వారాల కూన పొట్ట చిన్నది, రోజుకి నాలుగుసార్లు పెట్టాలి, అర్ధరాత్రి దాటాక నిజంగానే ఆకలేస్తుంది. ఆకలితో ఏడుస్తున్నదాన్ని పది రోజులు ఏడవనిస్తే నేర్చుకునేదేంటి, ఈ ఇంట్లో పిలిస్తే ఎవరూ రారని. రాత్రి పదకొండుకి ఆట, తిండి పెట్టి చూడండి. అప్పటికీ లేస్తుంటే టైము పెట్టుకుంటే తెరుచుకునే గిన్నెలున్నాయి, అందులో మూడున్నరకి కొంచెం పెట్టండి. తిండి మనిషి చేతి నుంచి కాకుండా గిన్నె నుంచి వస్తుంది కాబట్టి అరుపుకీ తిండికీ లంకె పడదు.

వెట్‌చదువు
ఇద్దరూ తమ తమ పిల్లుల విషయంలో కరెక్టే. పెద్ద పిల్లికి నిద్రకరువు గారి పద్ధతి, కూనకి పాతమీసాలు గారిది. ఇంకో సంగతి, పిల్లులు పూర్తిగా రాత్రి జంతువులు కావు, వాటికి హుషారు పొద్దు వాలే వేళా, తెల్లవారే వేళా. కాబట్టి 4 గంటలకి లేవడం దానికి సహజం, మొండితనం కాదు.

కొత్తగావచ్చా
ఆకలేస్తే కాసిని పాలు పోస్తే సరిపోదా? సామెతలో కూడా పిల్లి కళ్లు మూసుకుని పాలే తాగుతుందిగా.

మూడుతోకలు
తాగుతుంది, తర్వాత లిట్టర్ బాక్సు (లిట్టరు అనే ఇసుకలాంటి పొడి పోసి, పిల్లి ఉచ్చకీ దొడ్డికీ పెట్టే పెట్టె) దగ్గర మనం కళ్లు మూసుకోవాలి 😀 తల్లిపాలు మానేశాక చాలా పిల్లులకి ఆవుపాలు, గేదెపాలు అరగవు, అందులో లాక్టోజ్ అనే పాల చక్కెర వల్ల విరేచనాలు పడతాయి. కూన ఒంట్లో నీళ్లు పోవడం చాలా ప్రమాదం. మంచినీళ్లు, కూనలకని ప్రత్యేకంగా చేసిన ఆహారం, అంతే.

చుక్కవాళ్ళమ్మ
ఇవన్నీ రాసుకుంటున్నా. పట్ట మీద ఉచ్చ సంగతి కూడా చెప్పండి. మొదటి వారం లిట్టర్ బాక్సులోనే పోసింది, అందుకే అర్థం కావట్లేదు.

వెట్‌చదువు
ముందు జబ్బు కాదని తేల్చుకోవాలి. మాటిమాటికీ కూర్చుంటోందా, ముక్కుతోందా, చుక్క చుక్కే వస్తోందా, రక్తం ఉందా? వీటిలో ఏది ఉన్నా ఇక్కడ జవాబు కోసం ఎదురుచూడకుండా ఇవాళే చూపించండి. మగ పిల్లి ముక్కుతున్నా ఉచ్చ రాకపోతే అది గంటల్లో ప్రాణం మీదికొచ్చే విషయం, ఈ లైను చదివే అందరూ గుర్తుపెట్టుకోండి.

అవేమీ లేకపోతే బాక్సు ఎక్కడుంది, ఎంతుంది, ఏ లిట్టరు, ఎన్నిసార్లు తీస్తున్నారు? తిండి గిన్నె ఎంత దూరం?

చుక్కవాళ్ళమ్మ
ముక్కడం, రక్తం ఏమీ లేవు, ధారగానే పోస్తోంది, ఆడపిల్లే. బాక్సు బాత్రూం లోపల, వాషింగ్ మెషీన్ పక్కన. రోజూ పొద్దున శుభ్రం చేస్తున్నా. లిట్టరు మొదట్నుంచీ అదే. తిండి వేరే గదిలో.

కిటికీగూడు
వాషింగ్ మెషీన్!! అది లోపల ఉన్నప్పుడు మెషీన్ తిరిగిందా ఎప్పుడైనా?

చుక్కవాళ్ళమ్మ
అయ్యో. శనివారం పొద్దున బట్టలు వేశాను. పిండే టైములో ఆ మెషీన్ నేల అదిరేలా శబ్దం చేస్తుంది. బాత్రూంలోంచి చుక్క బాణంలా బయటికి రావడం నేను చూశాను, ఆడుకుంటోందనుకున్నా. పట్ట మీద పోయడం మొదలైంది శనివారం సాయంత్రమే.

కిటికీగూడు
దొరికింది.

మూడుతోకలు
పాపం, అది బాత్రూం దాకా వెళ్తోంది, లోపలికి అడుగు వెయ్యలేక గుమ్మం ముందున్న మెత్తటి పట్ట మీద పోస్తోంది. తనకి చేతనైనంత మర్యాదగానే ఉంది.

బాక్సుని చుక్క ఉండే గదిలోనే, నిశ్శబ్దంగా ఉండే మూలకి మార్చండి, తిండికి దూరంగా. వీలైతే ఇంకోటి కూడా పెట్టండి, ఒక పిల్లికి రెండు బాక్సులుంటే మంచిది. ఒకసారి మార్చాక అక్కడే ఉంచండి, పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పినట్టు బాక్సుని రోజుకో మూల తిప్పితే దానికి దిక్కు తెలియదు. తిన్న పది నిమిషాలకి, నిద్ర లేవగానే, ఆట అవ్వగానే బాక్సు వైపు బొమ్మతో నడిపించండి. ఎత్తుకెళ్లి అందులో పడెయ్యొద్దు, పంజాలు పట్టుకుని తవ్వించొద్దు, అది దానికి తల్లి నేర్పే ఉంటుంది.

వెట్‌చదువు
పట్టని తీసెయ్యండి కొన్నాళ్లు. మనకి వాసన పోయినా దానికి పోదు, ఎంజైమ్ ఉన్న క్లీనర్‌తో నేల తుడవండి. అమ్మోనియా ఉన్నవి వాడితే ఉచ్చ వాసనలాగే ఉండి మళ్లీ అక్కడికే పిలుస్తాయి. మొహాన్ని తడి మీద రుద్దడం లాంటివి ఎవరైనా చెప్తే వినకండి, దానివల్ల అది నేర్చుకునేది మీకు కనపడకుండా సోఫా వెనక పోయడమే.

కొత్తగావచ్చా
వాసన రాకుండా సువాసన లిట్టరు వాడొచ్చా?

పాతమీసాలు
ఆ సువాసన మన ముక్కుకే. దాని ముక్కు దగ్గర నిండా అత్తరు పోసినట్టు ఉంటుంది. వాసన లేనిదే వాడండి, రోజుకి రెండుసార్లు తీస్తే వాసన సమస్యే ఉండదు. చిన్న కూనలు లిట్టర్ని నోట్లో పెట్టుకుంటాయి కాబట్టి ఆ అలవాటు పోయేదాకా తడి తగిలితే గడ్డకట్టే రకం వద్దు.

గట్టిమాట
@వెట్‌చదువు నిన్న మీరు అడిగింది చేసి చూశాను. చెయ్యి చాపితే నిజంగానే చెవులు వెనక్కి వెళ్లాయి, తల నేలకి ఆనించింది. నాలుగేళ్లుగా దాన్ని సిగ్గు అనుకుంటున్నాను. ఇప్పుడు సరిచెయ్యొచ్చా?

వెట్‌చదువు
చెయ్యొచ్చు. పై నుంచి చెయ్యి తీసుకురావడం పూర్తిగా మానెయ్యండి. దాని ముక్కు ఎత్తులో, అర అడుగు దూరంలో ఒక వేలు మెల్లగా చాపి ఆగండి. వాసన చూసి బుగ్గ రుద్దితే ఆ బుగ్గే మూడు సెకన్లు నిమిరి మీరే ఆపండి. ఇంకా కావాలంటే అదే దగ్గరికి వస్తుంది, రాకపోతే ఆ పూటకి అంతే. ఎదురుగా కూర్చున్నప్పుడు కళ్లు నిదానంగా సగం మూసి, మెల్లగా తెరవండి. 2020లో ఇంగ్లాండులోని ససెక్స్ యూనివర్సిటీవాళ్లు దీన్ని పరీక్షించారు. అలా కళ్లు ఆర్పిన మనుషులకి పిల్లులు తిరిగి కళ్లు ఆర్పాయి, వాళ్లు చాపిన చేతి దగ్గరికి రావడం కూడా ఎక్కువైంది.

గట్టిమాట
ఇవాళ్టి నుంచే మొదలుపెడతా. నా మొదటి సలహాని ఎవరూ పాటించొద్దు.

అమ్మమ్మఇంటిపిల్లి
ఆ మాట చెప్పడానికి పెద్ద మనసు కావాలి. మీ పిల్లి ఎలా ఉందో తప్పకుండా రాయండి.

కొత్తగావచ్చా
రెండు వారాల నుంచి ఏడు వారాల లోపే మచ్చిక అవ్వాలని, తర్వాత లాభం లేదని విన్నాను. చుక్కకి తొమ్మిది వారాలు అంటున్నారు, ఆలస్యమైపోయిందా?

వెట్‌చదువు
ఆ వారాలు తేలిగ్గా నేర్చుకునే వారాలు, అంతవరకు నిజం. 1980లలో ఐలీన్ కార్ష్ అనే అమెరికా పరిశోధకురాలు కూనల్ని మూడు వారాల నుంచి చేతుల్లోకి తీసుకున్నవి, ఏడు వారాల నుంచి తీసుకున్నవి అని పోల్చింది, ముందు మొదలుపెట్టినవే మనుషుల దగ్గర ఎక్కువసేపు ఉన్నాయి. రోజుకి 15 నిమిషాలు తీసుకున్నవాటి కన్నా 40 నిమిషాలు తీసుకున్నవి ఇంకా దగ్గరయ్యాయి. కానీ ఏడు వారాలు దాటగానే తలుపు మూసుకుపోదు, తర్వాత ఎక్కువ రోజులు పడుతుంది, ఎక్కువ ఓపిక కావాలి, అంతే తేడా.

కిటికీగూడు
మచ్చిక అంటే మన ఒక్కళ్లకే కాదు కదా. మిక్సీ శబ్దం, కాలింగ్ బెల్లు, గొడుగు తెరవడం, గడ్డం ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు, అన్నీ దానికి కొత్తే. నేను రోజుకి ఒకే ఒక్క కొత్త సంగతి చూపించేదాన్ని. మిక్సీ అయితే మొదట మూడు గదుల అవతల, అది తింటున్నప్పుడు, రెండు సెకన్లు. తినడం ఆపేసిందంటే మనం తొందరపడ్డట్టు, రేపు ఇంకా దూరం నుంచి. చుట్టాలొస్తే ఎవరూ ఎత్తుకోకుండా నేల మీద కూర్చోమనేదాన్ని, తిండి పలుకులు వాళ్ల చేత దూరంగా వేయించేదాన్ని.

పాతమీసాలు
క్యారియర్, అంటే పిల్లిని బయటికి తీసుకెళ్లే పెట్టె, అది కూడా ఇప్పుడే అలవాటు చెయ్యాలి. చాలామంది డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజే దాన్ని అటక మీద నుంచి దించుతారు, అది కనపడగానే పిల్లి మాయం. పైమూత తీసేసి, లోపల అది పడుకున్న తువ్వాలు పరిచి, గదిలో ఒక మూల ఎప్పుడూ ఉంచండి. రోజుకి ఒక పూట తిండి అందులోనే. వారం తర్వాత మూత, ఇంకో వారానికి తలుపు, తలుపు మూసి ఒక్క నిమిషం, ఆ తర్వాత ఎత్తి గదిలో నాలుగడుగులు. టీకాలు ఎనిమిది వారాలప్పుడు మొదలై మూడు నాలుగు వారాలకొకసారి, 16 వారాలు దాటేదాకా ఉంటాయి కాబట్టి నెలలో ఒకసారైనా అది ఎక్కాల్సిందే.

అమ్మమ్మఇంటిపిల్లి
గోళ్లు కూడా. నిద్ర మత్తులో ఉన్నప్పుడు పంజా మెల్లగా నొక్కితే గోరు బయటికొస్తుంది, కత్తిరించకుండా వదిలెయ్యాలి మొదటి వారం. తర్వాత రోజుకి ఒకే గోరు, తెల్ల కొన మాత్రమే, లోపల గులాబీ రంగులో కనపడే నరాన్ని తాకకూడదు. 18 గోళ్లు ఒకే రోజు కత్తిరించాలని పట్టుకుంటే యుద్ధమే.

నిద్రకరువు
జంటగా ఇంకో కూనని తెచ్చుకుంటే ఈ కొరకడం అంతా వాళ్లలో వాళ్లే చూసుకుంటారుగా?

మూడుతోకలు
నిజం ఉంది అందులో. తోటి కూనని గట్టిగా కొరికితే అది కీచుమని ఆట ఆపేస్తుంది, ఎంత గట్టిగా కొరకొచ్చో అలా నేర్చుకుంటాయి. తొందరగా తల్లి దగ్గర్నుంచి తెచ్చిన ఒంటి కూనలే ఎక్కువ కొరుకుతాయి. కానీ నిద్ర లేక తల పగిలిపోతోందన్న మనిషికి ఇప్పుడు రెండోది తెచ్చుకోమని నేను చెప్పలేను. ముందు చుక్కని కుదురుకోనివ్వండి.

చుక్కవాళ్ళమ్మ
ఎనిమిది రోజుల తర్వాత వచ్చాను. బాక్సు మార్చిన పూట నుంచి పట్ట మీద ఒక్కసారి కూడా పొయ్యలేదు. రాత్రి పదకొండుకి ఆట, తిండి. మొదటి మూడు రాత్రులు మార్పేమీ లేదు, ఏడుపొచ్చింది. నాలుగో రాత్రి ఐదింటి దాకా పడుకుంది. కాళ్లు ఇప్పటికీ కొరుకుతోంది కానీ తక్కువ, మంచం పక్కన చిన్న గుడ్డబొమ్మ ఒకటి పెట్టుకున్నా, వచ్చినప్పుడు దాన్ని దూరంగా విసిరితే దాని వెనక పరిగెడుతోంది.

మా ఆయన మాటెత్తాలి. ఒకటి వెయ్యమన్నాయన ఇప్పుడు రోజూ సాయంత్రం ఏడింటికి నేల మీద కూర్చుని పేపరు పైకి చదువుతున్నారు. నిన్న క్రికెట్ వార్త చదువుతుంటే చుక్క పెట్టెలోంచి మొత్తం బయటికి వచ్చి, ఒళ్లు సాగదీసి, ఆయన చెప్పు మీద గడ్డం ఆనించి పడుకుంది. ఆయన కాలు తిమ్మిరెక్కినా ముప్పావుగంట కదల్లేదు. నాకు సైగ చేసి నీళ్లు తెప్పించుకున్నారు.

మూడుతోకలు
కళ్లు చెమర్చాయి. చెప్పు అక్కడే ఉంచండి, వాసన కోసం వస్తుంది.

గట్టిమాట
మాది మూడు రోజుల నుంచి వేలి వాసన చూస్తోంది. ఇవాళ బుగ్గ ఒకసారి రుద్దింది. మూడు సెకన్లే నిమిరాను.

చుక్కవాళ్ళమ్మ
@గట్టిమాట 🙏 ఒక్క సందేహం, గురువారం రెండో టీకా. క్యారియర్లోకి తిండికి వెళ్తోంది కానీ తలుపు మూస్తే లేచి నిలబడుతోంది. ఇంకా నాలుగు రోజులే ఉంది, ఏం చెయ్యమంటారు?

పాతమీసాలు
ఈ నాలుగు రోజులూ తలుపు ముట్టుకోకండి. గురువారం తిండి లోపల పెట్టి, అది తింటుండగా మూసి, మీ ఆయన చదివే పేపరు పక్కన పరిచి, పైన తువ్వాలు కప్పి వెంటనే బయల్దేరండి. దారిలో ఆయన్నే పక్కన కూర్చుని చదవమనండి.